నేల ఉసిరి మీద పని చేయబోయే అమ్మాయికి

పర్చూరు,
ఆగస్టు 18.

హారికా,

నీ ఉత్తరం అందింది. ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకి నేల ఉసిరి తీసుకుంటానని, కామెర్లకు మన ఊళ్ళలో ఇచ్చే పసరుని ఎలుకల మీద పరీక్షించి చూస్తానని రాశావు. మన గట్ల మీద మొలిచే మొక్కల్లోంచి ఒక్క మందయినా బయటికి రావాలన్న నీ కోరిక నాకూ ఉన్నదే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల్ని వెంటేసుకుని ఈ నల్లరేగడి చేలల్లో మొక్కలు చూపిస్తూ తిరిగినవాణ్ణి. అందుకని ఈ ఉత్తరం పొడుగవుతుంది. ఓపిగ్గా చదువు.

ముందు నువ్వడిగినదానికి జవాబు చెప్తాను. "మన చుట్టూ ఉన్న మొక్కల్లోంచి నిజంగా మందు వచ్చిన దాఖలా ఉందా?" అన్నావు. ఉంది. దగ్గొచ్చి మందుల షాపుకెళితే ఇచ్చే సిరప్ సీసా వెనక చదువు. బ్రోమ్‌హెక్సిన్ అనో, ఆంబ్రోక్సాల్ అనో ఉంటుంది. ఆ రెండింటికీ మూలం అడ్డసరం. మేకలు ముట్టవని మనవాళ్ళు దొడ్ల చుట్టూ కంచెగా వేసుకునే మొక్కే. దాని ఆకులో వాసిసిన్ అనే పదార్థం ఉంటుంది. 1960ల్లో జర్మనీవాళ్ళు ఆ అణువుని ఆధారం చేసుకుని, మార్పులు చేసి బ్రోమ్‌హెక్సిన్ తయారు చేశారు. అది ఒంట్లోకి వెళ్ళాక మారి ఏర్పడేదే ఆంబ్రోక్సాల్. దగ్గుకి అడ్డసరం కషాయం కాచి ఇచ్చిన మన ముసలమ్మల మాట అబద్ధం కాలేదు. అయితే కషాయం సీసాలోకి రావడానికి మధ్యలో రసాయన శాస్త్రం ఎంత పని చేసిందో అది కూడా చూడాలి.

బిళ్ళ గన్నేరు సంగతి ఇంకా గొప్పది. బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల్లో, శ్మశానాల్లో, బడి గోడల వారన ఎవరూ నీళ్ళు పోయకుండానే పూస్తుంటుంది. పుట్టింది మడగాస్కర్‌లో అయినా ఇప్పుడు మన మొక్కే. జమైకాలో దాని ఆకు కషాయాన్ని చక్కెర జబ్బుకి తాగేవారు. మన దగ్గరా తాగేవాళ్ళున్నారు. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ ఆకు సారాన్ని ఎలుకలకు ఇచ్చి చూస్తే చక్కెర తగ్గలేదు గానీ రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బే కదా ల్యుకేమియా! అలా విన్‌బ్లాస్టిన్ దొరికింది. తర్వాత ఇలై లిల్లీ కంపెనీ విన్‌క్రిస్టిన్ తీసింది. 1963లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఈ రోజుకీ పిల్లల ల్యుకేమియాకి ఇచ్చే మందుల్లో అదొకటి. టన్ను ఎండుటాకు నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్ గ్రాముల లెక్కలోనే ఉంటుంది. అంత కొంచెంగా ఉన్నదాన్ని ఆకులోంచి శుభ్రంగా వేరుచేయడం ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు. ఆ పద్ధతిని మన దేశంలో పూనా నేషనల్ కెమికల్ లేబొరేటరీ సిద్ధం చేస్తే, 1980ల్లో సిప్లా ఆ మందుల్ని ఇక్కడే తయారు చేసింది. ఆ పని చేసినవారిలో ముఖ్యులు ఆళ్ళ వెంకట రామారావు గారు. 1935లో గుంటూరులో పుట్టిన మనిషి. తర్వాత 1985 నుంచి 1995 దాకా హైదరాబాదు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీకి డైరెక్టరుగా ఉన్నారు. మీ కాలేజీలో ఎవరైనా "ఈ పనులు మనవల్ల ఎక్కడవుతాయి" అంటే ఆయన పేరు చెప్పు.

మిరప సంగతి కూడా రాయాలి, మన ప్రాంతం కాబట్టి. అక్కి లేస్తే మన ఊళ్ళలో కుమ్మరివాళ్ళ చేత జాజుతో బొమ్మలు వేయిస్తారు. పొక్కులు మానిపోయినా కొందరికి నెలల తరబడి ఆ చోట మంట, పోటు వదలవు. బట్ట తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. ఆ పోటుకి 2009లో అమెరికాలో ఒక పట్టీకి అనుమతిచ్చారు. అందులో ఉన్న మందు మిరపకాయ కారమే, 8 శాతం కాప్సైసిన్. కారాన్ని పట్టుకునే గ్రాహకం నరాల మీద ఏదుందో 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. గుంటూరు మిరప యార్డులో టిక్కీలు మోసే కూలీల చేతులకు రోజూ తెలిసే మంట అది. మిరప పోర్చుగీసువాళ్ళతో మనకొచ్చిన పంట కాబట్టి దేశవాళీ మొక్కల లెక్కలోకి రాదు. అయినా మన చేలో పండేది ఒక జబ్బుకి మందయిందన్నది నిజం.

ఇక నీ మొక్క. నేల ఉసిరి కథ తెలుగు నేల మీద ఎప్పుడో మొదలైందని నీకెవరూ చెప్పి ఉండరు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి గారు రసాయన శాస్త్రం చెప్పిన రోజుల్లో, పత్తి పూల రంగుల దగ్గర్నుంచి పొలం మొక్కల దాకా దేన్నీ వదలకుండా పని చేశారు. 1946లో ఆయన, జి.వి. కృష్ణమూర్తి గారు కలిసి నేల ఉసిరిలోని చేదు పదార్థం మీద పేపరు ప్రచురించారు. ఆ చేదు పదార్థమే ఫిల్లాంథిన్. ఇరవై ఏళ్ళ తర్వాత, 1966లో, వాల్తేరులోనే ఎల్. రామచంద్రరావు గారి బృందం ఫిల్లాంథిన్ అణువు నిర్మాణం తేల్చి 'టెట్రాహెడ్రన్' పత్రికలో వేసింది. ఈ రెండు పేపర్లూ సంపాదించి చదువు. ఎక్కువ పరికరాలు లేని రోజుల్లో అంత స్పష్టంగా ఎలా పని చేశారో తెలుస్తుంది.

ఆ తర్వాత మద్రాసు. 1988లో త్యాగరాజన్ గారి బృందం లాన్సెట్‌లో ఒక పేపరు వేసింది. అందులో ఒక రచయిత బరూచ్ బ్లంబెర్గ్, హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ తీసుకున్నవాడు. వైరస్ ఒంట్లో ఉండిపోయినవాళ్ళకు 200 మిల్లీగ్రాముల నేల ఉసిరి పొడి రోజుకి మూడుసార్లు చొప్పున ముప్పై రోజులు ఇచ్చారు. పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ ఆనవాలు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. 59 శాతం ఎక్కడ, 4 శాతం ఎక్కడ! ఆ పేపరు చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మా క్లాసు పిల్లలందరికీ బోర్డు మీద ఆ అంకెలు రాసి చూపించాను.

కానీ ఆ తర్వాత థాయ్‌లాండ్‌లో చేస్తే ఫలితం రాలేదు. నెదర్లాండ్స్‌లో చేస్తే రాలేదు. 2011లో కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ ఒకచోట పెట్టి చూసి, నమ్మదగిన రుజువు లేదని తేల్చింది. మద్రాసు పేపరునే మళ్ళీ జాగ్రత్తగా చదివితే, 78 మందితో మొదలైన పరీక్షలో చివరికి లెక్కకొచ్చింది 60 మందే. మిగతా 18 మంది ఏమయ్యారన్నది చిన్న విషయం కాదు. ఇంత చిన్న పరీక్షలో అంతమంది లెక్కలోంచి జారిపోతే శాతాలు ఎటైనా తిరగొచ్చు.

హెపటైటిస్ బి విషయంలో మన తెలుగువాళ్ళు నిజంగా గెలిచింది వేరే దారిలో. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ ఈస్ట్ కణాలతో తయారు చేసిన టీకాతో. వరప్రసాద రెడ్డి గారి సంస్థ అది. ఇది చెప్పడం నీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడానికి కాదు. జబ్బు తగ్గడం మనకు ముఖ్యం, మొక్క గెలవడం కాదు. ఈ మాట పరిశోధన చేసినన్నాళ్ళూ గుర్తుంచుకోవాలి. మొక్క మీద ప్రేమ మంచిదే. ఆ ప్రేమ లెక్కలోకి దిగితే మాత్రం ముప్పు.

కామెర్ల పసరు ఎందుకు అంత గట్టిగా పేరు తెచ్చుకుందో ఆలోచించావా? మన ఊళ్ళలో వచ్చే కామెర్లు ఎక్కువ భాగం నీళ్ళ వల్ల వచ్చేవి, హెపటైటిస్ ఎ, ఇ. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళకు అవి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు పోసినా తగ్గుతాయి, పోయకపోయినా తగ్గుతాయి. పత్యం చేయించి, మూడు ఆదివారాలు పసరు పోస్తే, మూడో వారానికి కళ్ళు తెల్లబడతాయి. పేరు పసరుకొస్తుంది. ఇందులో పసరు పోసేవాడి మోసం ఏమీ లేదు, అతను కూడా మనస్ఫూర్తిగా నమ్మే పోస్తాడు. కానీ అదే వరసలో పిత్తాశయంలో రాయి అడ్డుపడి కామెర్లొచ్చినవాడు కూర్చుంటే, గర్భిణీ కూర్చుంటే, మూడు ఆదివారాలు ఆగడం ప్రాణం మీదికొస్తుంది. ఉత్తుత్తి మందు తీసుకునేవాళ్ళ జట్టు పక్కన లేకుండా చేసిన ఏ పరీక్షనీ నువ్వు నమ్మకూడదని నేననేది అందుకే. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య గారి కోవిడ్ మందు కోసం జనం కిలోమీటర్ల కొద్దీ వరసలు కట్టారు. ఆ తర్వాతే శాస్త్రజ్ఞులు వచ్చి చూశారు. కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి ప్రభుత్వం అనుమతిచ్చింది. ఊపిరాడని మనిషి దేన్నయినా నమ్ముతాడు, వాళ్ళని తప్పుపట్టలేం. పరీక్ష ముందు జరిగి వరస తర్వాత కట్టే రోజు తెచ్చే పని మీ తరానిది.

చెట్టు మందు కాబట్టి హాని లేదన్న మాట కూడా నీ నోటి వెంట రాకూడదు. మన పత్తి గింజనే చూడు. అందులో గాసిపాల్ ఉంటుంది. చైనాలో కొన్ని ఊళ్ళలో ముడి పత్తిగింజల నూనె వాడినవాళ్ళకు పిల్లలు పుట్టడం లేదని గమనించి, 1970ల్లో మగవాళ్ళకు గర్భనిరోధకంగా ఎనిమిది వేల మందికి పైగా ఇచ్చి చూశారు. పని చేసింది. కానీ కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయింది, కొందరికి మందు మానేసినా సంతానశక్తి తిరిగి రాలేదు. చివరికి వదిలేశారు. కోవిడ్ రోజుల్లో ఇంటింటా తాగిన తిప్పతీగ వల్ల కొందరికి కాలేయమే దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు రాశారు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. ఎలుకల పని వద్దు. ఎలుకకి కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇచ్చి కాలేయం పాడుచేయడం, ఒక జట్టుకి కాలేయానికి వాడే సిలిమారిన్, ఒక జట్టుకి మన మొక్క సారం ఇవ్వడం, ఎంజైములు తగ్గాయని రాయడం: ఇలాంటి థీసిస్‌లు మన కాలేజీల అల్మరాల నిండా ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్నుంచి కూడా మందు రాలేదు. ఎందుకు రాలేదో ఆ థీసిస్‌ల రెండో పేజీలోనే ఉంటుంది: "మొక్కను స్థానికంగా సేకరించాము." ఏ మొక్క? ఎక్కడ? ఏ నెలలో? ఏ చేలో? అవేవీ ఉండవు. ఇంకొకడు అదే పని మళ్ళీ చేసి చూడాలంటే వీలుండదు. మళ్ళీ చేసి చూడలేనిది మందు కాలేదు.

నేల ఉసిరి విషయంలో ఇది ఎంత పెద్ద చిక్కో 1985లోనే బయటపడింది. ఫిల్లాంథస్ నిరూరి అని మన దేశపు పాత పుస్తకాలన్నీ రాసింది నిజానికి ఒక్క మొక్క కాదని, అమారస్, ఫ్రెటర్నస్, డెబిలిస్ అనే మూడు జాతులు అందులో కలిసిపోయాయని మిత్రా, జైన్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు చూపించారు. మన ఊళ్ళో మూడూ నేల ఉసిరే. ఫిల్లాంథిన్ మూడింట్లో ఒకే మోతాదులో ఉండదు, అమారస్‌లో ఎక్కువ. మద్రాసులో పని చేసిన పొడి ఇంకోచోట పని చేయకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చునని వాదించినవాళ్ళున్నారు. గుంటూరు, ఒంగోలు బజార్లలో కొన్న ఎండు నేల ఉసిరి పొట్లాలు విప్పి చూస్తే రెండు మూడు రకాలు కలిసి ఉండడం నేనే చూశాను.

గుర్తుపట్టడం ఎలాగో చెప్తాను. లెన్స్ పట్టుకుని పొద్దున్నే పొలానికెళ్ళు. చిన్న కొమ్మను తుంచి వెనక్కి తిప్పు. ఆకుల వరస కింద పూలు, కాయలు వేలాడుతుంటాయి. ఆకు మొదట్లో ఒకే చోట ఒక మగ పువ్వు, ఒక ఆడ పువ్వు జంటగా ఉండి, పువ్వుకి ఐదు రేకులుంటే అది అమారస్. రేకులు ఆరు ఉండి, కొమ్మ మొదట్లో మగ పూలు, చివర వైపు ఆడ పూలు విడివిడిగా ఉంటే ఫ్రెటర్నస్. ఆకు రెండు చివరలా సన్నబడి, రేకులు ఆరున్నది డెబిలిస్. కాయకి తొడిమ దాదాపు లేకుండా, పైన గరుగ్గా ఉండి, కాండం ఎర్రబారితే అసలు ఈ మూడూ కాదు, అది యూరినేరియా. ఒక్క పువ్వు చూసి తేల్చకు. పది మొక్కలు, ఒక్కో మొక్కకి నాలుగైదు కొమ్మలు చూడు. పూత లేని మొక్కని సంచిలో వేయనే వేయకు.

తెచ్చిన ప్రతి మొక్కలోనూ ఒకటి వేరుతో సహా పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి ఆరబెట్టు. మొదటి వారం రోజూ కాగితాలు మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. ఆరాక అట్ట మీద కుట్టి, ఊరి పేరు, చేను ఎవరిదో, సర్వే నంబరు, నేల రకం, పక్కన ఏ పంట ఉంది, తేదీ, నీ పేరు రాయి. ఒక షీటు మీ కాలేజీలో ఉంచి, ఇంకోటి యూనివర్సిటీ హెర్బేరియానికి ఇచ్చి నంబరు తీసుకో. రేపు నీ ఫలితం మీద ఎవరికైనా అనుమానమొస్తే ఆ షీటే నీ సాక్షి.

మన ప్రాంతంలో ఇంకో పెద్ద చిక్కుంది. దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. మిరప చేలో వారానికో స్ప్రే కొడుతున్నారు. 2021లో నల్ల తామర పురుగు దిగినప్పటి నుంచి అది ఇంకా పెరిగింది. ఆ మందు గట్టు దగ్గర ఆగదు. నేల ఉసిరి ఉండేది ఆ గట్టు మీదే, పత్తి సాళ్ళ మధ్యే. కాలేయానికి మంచిదని పీకి తెచ్చి నూరి తాగే ఆకు మీద కాలేయాన్ని పాడుచేసే పురుగుమందు ఉంటే ఆ పసరుకి అర్థమేముంది? కాబట్టి నీ ప్రాజెక్టు ఇలా చెయ్యి. మిరప గట్ల మీది నేల ఉసిరి, చెరువు కట్టల మీది నేల ఉసిరి, కొండవీడు కొండ వాలు మీది నేల ఉసిరి, మూడూ తీసుకో. జాతి తేల్చు. వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి, తడి ఉన్నచోట వేసవిలో ఒకసారి సేకరించు. హెచ్‌పిటిఎల్‌సి యంత్రం మీద మూడు చోట్ల మొక్కల్లో ఫిల్లాంథిన్ ఎంతుందో పక్కపక్కన పెట్టి చూపించు. అదే ఆకుల్లో పురుగుమందు అవశేషాలు కొలిపించు. ఇది చూడడానికి చిన్న పని. కానీ గుంటూరు, ప్రకాశం మైదానంలో నేల ఉసిరి అంటే ఏమిటో, ఎక్కడిది వాడొచ్చో, ఎక్కడిది వాడకూడదో తేల్చే పని ఇది. కామెర్ల మీద పరీక్ష దీని తర్వాత రావాలి. అప్పుడు అది నువ్వు చేసినా, ఇంకొకరు చేసినా, చేతిలో ఉన్నదేమిటో తెలిసి చేస్తారు.

చైనాలో తూ యూయూ మలేరియాకి మందు తీసిన కథ నీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. పాత గ్రంథంలో రాసిన మొక్కని అందరూ మరగబెట్టి సారం తీసి చూస్తుంటే, ఆమె తక్కువ వేడిలో ఈథర్‌తో తీసింది. 1971 అక్టోబరులో 191వ నమూనా పని చేసింది. ఆ మొక్కలో ఏ జాతి, ఏ భాగం, ఏ కాలం అన్నవి తేల్చుకోకుండా అక్కడిదాకా చేరలేదు. 2015లో నోబెల్ వచ్చింది. అందరూ ఆ నోబెల్ గురించి చెప్తారు. నువ్వు ఆ 191 గురించి ఆలోచించు.

మొక్క నుంచి బజారు దాకా నడిచిన పని మనకు దగ్గర్లోనే చూడాలంటే విజయవాడ లైలా సంస్థది చూడు. నల్లమల లాంటి అడవుల్లో పెరిగే అందుగు చెట్టు బంక నుంచి, బోస్వెలిక్ ఆమ్లాల్లో ఒకదాన్ని 30 శాతానికి పెంచిన సారం తీసి 5-లాక్సిన్ అని పేరు పెట్టారు. మోకాళ్ళ నొప్పులున్న 75 మంది మీద 90 రోజులు, ఉత్తుత్తి మందు జట్టుతో సహా పరీక్షించి 2008లో ప్రచురించారు. ఆ పరీక్ష జరిగింది ఏలూరులో. ఎంత సారం, ఏ పదార్థం ఎంత శాతం అన్నది ముందే కట్టడి చేసుకున్నారు కాబట్టే అది మళ్ళీ చేసి చూడదగ్గ పని అయింది. అయినా అది అమెరికాలో అమ్ముడయ్యేది ఆహారానికి అనుబంధంగానే, డాక్టరు చీటీ మీద రాసే మందుగా కాదు. ఆ రెంటికీ మధ్య ఇంకా పెద్ద పరీక్షలు, చాలా డబ్బు, చాలా ఏళ్ళు ఉన్నాయి. ఆ తేడా నీకు తెలిసి ఉండాలి.

ఇక మనుషుల సంగతి. దోర్నాల, యర్రగొండపాలెం వైపు వెళ్ళి చెంచుల్ని అడుగుతానన్నావు. వెళ్ళు, కానీ నోటుబుక్కు తీసేముందు ఎందుకొచ్చావో, రాసుకున్నది ఎక్కడికి వెళుతుందో విప్పి చెప్పి, వాళ్ళు సరేనంటేనే రాయి. వద్దంటే టీ తాగి వచ్చెయ్యి. కేరళలో కాణి తెగవాళ్ళు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి తిరువనంతపురం పరిశోధనశాల 'జీవని' అనే మందు తయారు చేసి, 1995లో ఒక ఆయుర్వేద సంస్థకిచ్చినప్పుడు, వచ్చిన డబ్బులో సగం కాణివాళ్ళకని ఒప్పుకున్నారు. మన దగ్గరా ఒక ఉదాహరణ ఉంది. అప్పటి పాలమూరు జిల్లా అమరచింత నుంచి రెండు టన్నుల వేపాకు జపాన్‌కి ఎగుమతి అయినప్పుడు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ దాదాపు 55 వేల రూపాయలు రాయల్టీ వసూలు చేసి, అందులో కొంత అమరచింత జీవవైవిధ్య కమిటీకి ఇచ్చింది. డబ్బు కొంచెమే. కానీ వేపాకుకి కూడా ఊరికి వాటా ఉంటుందని తేల్చింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో అలాంటి కమిటీ, ఊరి మొక్కల రిజిస్టరు ఉండాలి. నువ్వు మొక్కలు తెచ్చే ప్రతి ఊళ్ళో పంచాయతీ ఆఫీసుకెళ్ళి ఆ రిజిస్టరు అడుగు. అందులో నేల ఉసిరి లేకపోతే నీ షీటు కాపీ ఒకటిచ్చి రాయించు. రాతలో ఉండడం ఎంత అవసరమో మన దుగ్గిరాల పసుపుకి తెలుసు. గాయాలకు పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో పేటెంటిస్తే, మన సిఎస్ఐఆర్ పాత గ్రంథాలూ, అచ్చయిన పేపర్లూ చూపించి 1997లో దాన్ని రద్దు చేయించగలిగింది. మన ఇళ్ళలో అందరికీ తెలుసు అన్న మాట పేటెంటు ఆఫీసులో చెల్లదు, కాగితం చెల్లింది.

చివరిగా ఒకటి. నువ్వు ఆలస్యం చేస్తే ఈ మొక్కలే ఉండవు. కలుపుకి కూలీలు దొరక్క గడ్డిమందు కొట్టేస్తున్నారు. రైతుని అనలేను, ఎకరం కలుపు తీయించాలంటే అయ్యే ఖర్చు నాకు తెలుసు. కానీ గడ్డిమందు పడ్డ గట్టు మీద మళ్ళీ ముందుగా లేచేది వయ్యారిభామ. గుంటగలగర, గలిజేరు, ఉత్తరేణి, నేల ఉసిరి ఒకప్పుడు ఏ డొంకలో చూసినా ఉండేవి. ఇప్పుడు వెతకాల్సి వస్తోంది. మీ నాన్నకి చెప్పు, మన చేలో తూర్పు గట్టు ఒక్కటి గడ్డిమందు కొట్టకుండా వదిలేయమని. నేను చెప్తే నవ్వి ఊరుకుంటాడు, నీ మాట వింటాడు.

గైడు గారికి ఈ ఉత్తరం చూపించు. ఆయన ఎలుకల పనే చేయమంటే నాకు ఫోన్ చెయ్యి, నేనొచ్చి మాట్లాడతాను. ఒప్పుకుంటే మాత్రం తొలి విడత సేకరణ వచ్చే నెలలోనే పెట్టుకో. వానలు వెనక్కి తగ్గాక మెట్ట గట్ల మీద నేల ఉసిరి ఎండిపోతుంది, అప్పుడిక పువ్వు చూసి జాతి తేల్చడానికి ఏడాది ఆగాలి.

నీ పెదనాన్న